ముందు ఎవరి టైమ్ అయిపోతోందో చూడండి

ప్రశ్న: ఉద్యోగం, ఇల్లు, పిల్లలు పోను నాకంటూ మిగిలేది రోజుకు అరగంట. ఎప్పటి నుంచో చేయాలనుకుంటున్న పని ఒకటుంది. ఇంత తక్కువ సమయంలో అది అవుతుందా? ఎలా వాడుకోవాలి?

అవుతుంది. నాకూ మిగిలేది అంతే. అయితే ఈ ప్రశ్న వేస్తే అందరూ చెప్పే జవాబు నేను చెప్పను. పొద్దున నాలుగింటికి లేవడం, ఫోన్ పక్క గదిలో పెట్టడం, రేపటి పనులు రాత్రే రాసుకోవడం, అన్నీ చేసి చూశాను. నాలుగింటికి లేస్తే నాకు దొరికింది ఇంకో గంట వంటింటి పని. ఇంట్లో ఆడమనిషి లేచిందని తెలిస్తే చాలు, అత్తయ్య గారి వేణ్ణీళ్ళ దగ్గర్నుంచి పిల్లల క్యారియర్ల దాకా అన్నీ గంట ముందుకు జరుగుతాయి.

ఇలాంటి సలహాలిచ్చే వీడియోల్లో నేను చూసినవాళ్ళు చాలావరకు మగవాళ్ళే. ధ్యానం, వ్యాయామం, చదువు ముగించుకుని వచ్చేసరికి వాళ్ళ ముందు టిఫిన్ ఉంటుంది. ఆ పిండి నిన్న సాయంత్రం ఎవరు రుబ్బారు, ఆ రుబ్బిన మనిషికి తనకంటూ ఏం చేయాలనుంది అని ఒక్కరూ అడగరు. ఇది తలుచుకుంటే నాకు నిజంగా కోపం వస్తుంది.

నేను నేర్చుకున్నది ఒక్కటే. మీకు ఎంత టైమ్ ఉందని లెక్కలేసుకునే ముందు, మీరు చేయాలనుకున్న పనిలో ఇంకెవరి టైమ్ కలిసి ఉందో చూడండి. వాళ్ళది మీకంటే ముందే అయిపోవచ్చు. నాకు ఇది ఎలా తెలిసిందో చెబుతాను.

మా పుట్టిల్లు మంగళగిరి. నేతపని ఇల్లు. మా నాన్న చిన్నప్పుడే మగ్గం దిగి ఉద్యోగంలోకి వెళ్ళారు కానీ, పక్క వాటాలో ఉండే మా పెదనాన్న మాత్రం పదకొండేళ్ళ వయసులో గుంట మగ్గంలో కాళ్ళు పెట్టి, డెబ్బై నాలుగేళ్ళ దాకా తీయలేదు. నేను పెళ్ళయ్యాక విజయవాడ వచ్చాను. ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. నాకున్న కోరికల్లా మా వీధిలో మగ్గం దగ్గర మాట్లాడుకునే మాటలన్నీ రాసిపెట్టాలని. ఏ మాట, ఎవరు అన్నారు, ఏ పని చేస్తూ అన్నారు, ఇవన్నీ.

పడుగు (నిలువు పోగులు), పేక (అడ్డ పోగులు), నాడె (పేక పోగును అటూ ఇటూ తీసుకెళ్ళేది), కండె (నాడెలో పెట్టే నూలు చుట్ట) చాలామంది విన్నవే. ఇవి కాక ఇంకా వందల మాటలున్నాయి. పోగు మధ్యలో తెగితే ఒక మాట, అంచు దగ్గర తెగితే ఇంకో మాట. గంజి పలచబడితే ఒకటి, చిక్కబడి పోగులు అంటుకుంటే ఒకటి. ఈ పని పెద్దవాళ్ళు ఎప్పుడో మొదలుపెట్టారు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి ఆధ్వర్యంలో మాండలిక వృత్తి పదకోశం వచ్చింది, 1962లో వ్యవసాయం మీద, 1971లో చేనేత మీద. “అంత పెద్ద పుస్తకం ఉండగా మళ్ళీ నువ్వెందుకు?” అని మా ఆఫీసులో ఒకాయన అడిగారు. ఆ పుస్తకం వచ్చి 50 ఏళ్ళు దాటింది. ఈ 50 ఏళ్ళలో వచ్చిన మార్పులకు మా వీధి వాళ్ళు పెట్టుకున్న పేర్లు అందులో ఎలా ఉంటాయి? రాట్నం ముందు కూర్చుని జీవితమంతా కండెలు చుట్టిన మా పెద్దమ్మ మాటలు ఎవరు అడిగి రాసుకున్నారు?

సరే, అసలు సంగతికి వస్తాను. ఒక ఏడు వరలక్ష్మీ వ్రతానికి పుట్టింటికి వెళ్ళాను. పేరంటం అయ్యాక తాంబూలం చేతిలో ఉండగానే పెదనాన్న మగ్గం గదిలోకి తొంగిచూశాను. ఆయన నేత ఆపి, నేసినంత మేర మీద వేలు పెట్టి చూస్తున్నారు. అంచు పక్కన పేక పోగు ఒకటి సరిగ్గా లాక్కోక, చిన్న ఉచ్చులా లేచి ఉంది. గోరంత కూడా లేదు. దాన్ని చూసి తనలో తను ఒక మాట అనుకున్నారు. రెండక్షరాలో మూడక్షరాలో. నేను ఎప్పుడూ వినలేదు.

“ఏంటి పెదనాన్నా ఆ మాట?” అన్నాను.

“దీన్ని అదే అంటారమ్మాయ్. మా నాన్న అనేవాడు. ఇప్పుడు ఎవరూ అనట్లేదు. రాసుకో, మళ్ళీ మర్చిపోతావు.”

“ఇలా హడావిడిగా వద్దు పెదనాన్నా. వచ్చే ఆదివారం పుస్తకం తెచ్చుకుని తీరిగ్గా వస్తా. మొత్తం నీ దగ్గర కూర్చుని రాసుకుంటా.”

ఆయన తల ఊపి మళ్ళీ నాడె అందుకున్నారు.

నాకు మంచి పుస్తకం కొనాలని ఉంది. ఒక పద్ధతిగా, మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాలని ఉంది. వచ్చే ఆదివారం మా చిన్నాడి పుట్టినరోజు. ఆ తర్వాతి ఆదివారం ఆడపడుచు వాళ్ళ గృహప్రవేశం. తర్వాత ఆడిట్ టెన్షన్, తర్వాత దసరా. విజయవాడ నుంచి మంగళగిరి ఎంత దూరమని? 12, 13 కిలోమీటర్లు. వారధి మీద ట్రాఫిక్ ఉన్నా ముప్పావు గంటలో వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు.

కార్తీకమాసంలో పెదనాన్నకు పక్షవాతం వచ్చింది. కుడి చేయి, మాట పోయాయి. మనం చెప్పేది అంతా అర్థమవుతుంది, మాటే బయటికి రాదు.

ఆయన ఇంటికి వచ్చిన మూడో వారం వెళ్ళాను. ఈసారి పుస్తకం తీసుకెళ్ళాను. ఆ చీర ఎప్పుడో మాస్టర్ వీవర్ (నూలిచ్చి నేయించుకునే ఆసామి) దగ్గరికి వెళ్ళిపోయింది కానీ, మగ్గం పక్కన పాత గుడ్డ ముక్కల మూటలో అలాంటి లోపమే ఉన్న ముక్క ఒకటి దొరికింది. మంచం దగ్గర కూర్చుని చూపించాను. “పెదనాన్నా, ఆ రోజు దీన్ని ఏదో అన్నావు. గుర్తుందా?”

గుర్తుంది. కళ్ళలోనే తెలిసింది. ఎడమ చేత్తో ఆ ముక్క లాక్కుని మోకాలి మీద పరుచుకుని, తడుముకోకుండా సరిగ్గా ఆ ఉచ్చు మీద వేలు పెట్టారు. పెదాలు కదిలాయి. “మా... మా...” అంతే. మళ్ళీ, మళ్ళీ “మా”. నేను నాకు తోచిన మాటలు ఒక్కొక్కటే చెబుతూ పోయాను. ప్రతిదానికీ కాదని తల ఊపారు. కాసేపటికి అరచేత్తో మంచం పట్టె మీద గట్టిగా కొట్టారు.

పెద్దమ్మ వంటింట్లోంచి వచ్చి, “అడక్కే, ఆయన ఏడుస్తున్నారు” అంది. నేను లేవబోయాను. ఆయన నా చేయి వదల్లేదు. నా పుస్తకం వైపు చూపించి, ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలు కలిపి గాలిలో దేన్నో మెల్లగా లాగి, లోపలికి నొక్కి, వేలితో రుద్దినట్టు చేశారు. ఆ లోపాన్ని సరిచేసే పద్ధతి అది. మాట చెప్పలేక పని చూపించారు. బండగా బొమ్మ గీసుకున్నాను, చేతులు, వేళ్ళు, బాణం గుర్తులు. నా పుస్తకంలో అది 212వ నంబరు. బొమ్మ ఉంది. మాట రాయాల్సిన చోట ఖాళీ ఉంది. ఆ పై ఏడాది ఆయన వెళ్ళిపోయారు.

పెద్దమ్మను అడిగాను, ఆమెకు గుర్తులేదు. అదే వీధిలో ఇంకో ముసలాయన ఒక మాట చెబితే, బతికుండగానే పెదనాన్నకు వినిపించాను. కాదని తల ఊపారు.

ఇప్పుడు మీ అరగంట సంగతి. ఆ తర్వాత నేను నా రోజు నా వీలును బట్టి కాకుండా వాళ్ళ వీలును బట్టి పెట్టుకున్నాను. పెద్దవాళ్ళకు మాటలు బాగా వచ్చేది పొద్దున కాఫీ తాగాక ఒక గంట. మధ్యాహ్నం నిద్ర లేచాక ఇంకాసేపు. రాత్రి ఎనిమిదింటికి నాకు తీరిక దొరికి ఫోన్ చేస్తే అవతల ‘ఊ, ఆ’ తప్ప ఏమీ రాదు. అందుకని పొద్దున ఆఫీసు బస్సులో ఉండగా ఒకరికి ఫోన్ చేస్తాను. ఒక్క ప్రశ్నే. నాలుగైదు నిమిషాలు. మిగతా దారంతా ఆ మాట, వాళ్ళ వాక్యం చిన్న పుస్తకంలో రాస్తాను. మూడేళ్ళలో 640 మాటలు అయ్యాయి.

ప్రశ్న ఎలా అడగాలో నేర్చుకోవడానికే ఆరు నెలలు పట్టింది. “పోగు తెగితే ఏమంటారు బాబాయ్?” అంటే “తెగిందంటాం” అని ఊరుకుంటారు. “పక్క మగ్గం వాడు తెగిన పోగు చూసుకోకుండా నేసుకుంటూ పోతే ఏమని తిడతావు?” అని అడిగితే ఒకేసారి నాలుగు మాటలు పడతాయి. మంచం మీద కూర్చుని గుర్తురానిది గుంటలో కాళ్ళు పెట్టగానే గుర్తొస్తుంది. ఆ మాటలు చేతుల్లో ఉంటాయని నేను నమ్ముతాను. అందుకే వీలైనప్పుడు మగ్గం దగ్గరే కూర్చుంటాను. ఫోన్‌లో రికార్డు చేసి వదిలేయకండి. నేను ఫోన్ మార్చినప్పుడు 40 రికార్డింగులు పోయాయి, వాటిలో మాట్లాడినవాళ్ళలో ఇద్దరు ఇప్పుడు లేరు. ఏ రోజుది ఆ రోజే కాగితం మీద పెట్టండి.

ఆదివారాలు ఎక్కడి నుంచి వచ్చాయంటారా? ఫంక్షన్లు మానేశాను. ఓణీల ఫంక్షను, బారసాల, షష్టిపూర్తి, గృహప్రవేశం... భోజనం చేసి, ఫోటో దిగి, స్టీలు డబ్బా పట్టుకుని రావడానికి ఒక రోజు పోతుంది. ఆ రోజంతా మనం ఎవరితోనూ పది నిమిషాలు సరిగ్గా మాట్లాడం. బంధువులు కోపగించుకున్నారు, ఒకరిద్దరు ఇప్పటికీ మాట్లాడరు. కష్టంలో ఉంటే మాత్రం ఎవరింటికైనా వెళ్తాను.

ఇంకొకరి టైమ్ ముందు చూడటానికి మా చేనేతలోనే పెద్ద ఉదాహరణ ఉంది. చింతకింది మల్లేశం గారు. పోచంపల్లి చీరలకు నేతకు ముందు ఆసు పోయాలి. మేకుల చుట్టూ దారాన్ని అటూ ఇటూ, ఒక్క చీరకే కొన్ని వేల సార్లు చేయి తిప్పాలి. అది పోసీ పోసీ వాళ్ళమ్మ లక్ష్మి గారికి భుజం నొప్పి. ఆయన పెద్ద చదువు చదవలేదు, చేతిలో డబ్బు లేదు. ఏళ్ళ తరబడి తిప్పలు పడి 1999లో ఆసు యంత్రం తయారుచేసి దానికి అమ్మ పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. తీరిక దొరికాక, డబ్బు కూడాక చేద్దామని ఆయన ఆగి ఉంటే ఆ భుజం ఆగేదా?

మీరు చేయాలనుకున్న పని ఏమిటో రాయలేదు. సంగీతమో, ఉద్యోగ పరీక్షో, ఇల్లో, పుస్తకమో. అందులో ఇంకెవరి టైమూ లేదని మీకు అనిపిస్తుంటే సరిగ్గా చూడలేదనే అంటాను. సంగీతమైతే మీకు నేర్పే ఆవిడ వయసెంత? ఇల్లైతే అందులో ఎవరు ఉండాలని కడుతున్నారు, వాళ్ళు ఇప్పుడు మెట్లు ఎక్కగలుగుతున్నారా? పరీక్షైతే మీరు చదువుకుంటుంటే పిల్లల్ని చూసుకుంటున్న అమ్మకు ఆ ఓపిక ఇంకెన్నేళ్ళు ఉంటుంది? మీ అరగంటను ముందు అక్కడ పెట్టండి. మీ ఒక్కరికే సంబంధించినవి ఆగుతాయి. నాకు దూరవిద్యలో తెలుగు ఎంఏ చేయాలని కూడా ఉంది. దూరవిద్య ఎప్పటి నుంచో ఉంది. పిల్లలు ఇంటర్ దాటాక కూడా ఉంటుంది. చింత లేదు.

ఈ ఆదివారం చీరాల వెళ్తున్నాను. అక్కడ 82 ఏళ్ళ మామ్మ ఒకావిడ ఉన్నారు, చిన్నప్పటి నుంచీ మగ్గం ఇంట్లోనే. వాళ్ళ కోడలు ఫోన్‌లో, “పొద్దున తొమ్మిదిలోపు వస్తేనే అత్తయ్య హుషారుగా ఉంటారండీ” అన్నారు. అందుకని తెల్లవారుజామునే రైలెక్కుతున్నాను. పిల్లలకు టిఫిన్ మావారు చూస్తానన్నారు. అంచు దగ్గర ఉచ్చు లేచిన ఆ పాత గుడ్డ ముక్క కవర్లో పెట్టి ఇప్పటికే బ్యాగులో వేశాను.