శేషాలు రాసుకో, అమ్మలూ

విజయనగరం

అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. 31, 331, 3331, 33331 అన్నీ ప్రధాన సంఖ్యలేనని, ఎన్ని మూళ్లు చేర్చినా అంతేనా తాతయ్యా అని అడిగావు. ఎంత సంతోషం కలిగిందో! జవాబు చివర్లో చెబుతాను. ముందు ఈ ఆదివారం హాస్టల్లో కాలిక్యులేటర్ పక్కన పెట్టి, కాగితం మీద 1ని 7తో భాగించు.

0.142857 వచ్చి మళ్లీ అవే అంకెలు మొదలవుతాయి. అందరూ ఆ అంకెలనే చూస్తారు. నువ్వు శేషాలు చూడు: 3, 2, 6, 4, 5, 1. శేషం 1 రాగానే బయల్దేరిన చోటికే వచ్చావు. 7కి సున్నా కాని శేషాలు ఆరే ఉంటాయి కాబట్టి చక్రం ఆరంకెలు దాటదు. ఇప్పుడు 2ని భాగించు. 285714. అవే అంకెలు, మొదలు మారిందంతే. మన కోట చుట్టూ నడిస్తే ఎక్కడ బయల్దేరినా దారి ఒకటే కదా, అలాగ.

తర్వాత 13 పట్టు. దీని దగ్గర తొందరపడకు. 1/13లో 076923, ఆరంకెలకే తిరిగొస్తుంది. మరి శేషాలు పన్నెండు కదా, మిగతా ఆరూ ఏమయ్యాయి? 2ని 13తో భాగించు: 153846. అవి వేరే చక్రంలో ఉన్నాయి! ఒక చక్రంలోని శేషం రెండోదాంట్లో అడుగు పెట్టదు. టీచరుగా చేరిన కొత్తలో ఇది కనిపెట్టిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇక నీ మూళ్లు. ఏడు మూళ్ల దాకా నీ మాట నిజమే, 33333331 కూడా ప్రధాన సంఖ్యే. ఎనిమిదోది చేర్చగానే తెగిపోతుంది: 333333331 = 17 × 19607843. ఒకప్పుడు నేనూ ఇది ఎప్పటికీ నిజమేనని క్లాసులో చెప్పేశాను. వారం తర్వాత భాగించి చూసి, పిల్లల ముందు తప్పు ఒప్పుకున్నాను.

నిజానికి 17 దాకా వెళ్లక్కర్లేదు. 1/31 చేసి చూడు, చక్రం 15 అంకెలు. అంటే 1 పక్కన 15 సున్నాలు పెట్టి 31తో భాగిస్తే శేషం మళ్లీ 1. ఆ 1 తీసేస్తే మిగిలేది వరసగా 15 తొమ్మిదులు, అది 31తో నిశ్శేషంగా పోతుంది. తొమ్మిదులంటే మూళ్లకు మూడు రెట్లే, 3 మాత్రం 31తో పోదు కాబట్టి 15 మూళ్లు రాసినా అంతే. ఆ మూళ్లను 31కి ముందు పెట్టు. వచ్చేది నీ వరుసలోని సంఖ్యే, కానీ 31తో పోతుంది. నీ మొదటి సంఖ్యే ఆ వరుసను ఆపేస్తుందమ్మా.

ఇప్పుడు 331 చక్రం ఎంతో చూసి రాయి. 330 అంకెలు దాటదు. పెద్ద కాగితం తీసుకో, అంకెలతో పాటు శేషాలూ పంపు.

ఆశీస్సులతో,
తాతయ్య