టెక్ సందేహాలు: ఒకటో నంబరు గుంట ఎవరిది?

ఈసారి ఫోన్ల గోల తక్కువ, రిగ్రెషన్ గోల ఎక్కువ. థీసిస్‌ల సీజను గదా, అందుకే మల్టీలెవల్ మోడల్స్ (గుంపులు గుంపులుగా వచ్చిన డేటాకి కట్టే రిగ్రెషన్, మిక్స్‌డ్ మోడల్స్ అన్నా ఇవే) మీద వచ్చిన ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టేశా. ఒక మాట ముందే చెప్తన్నా, కింద ఫార్ములాల్లో కాలమ్ పేర్లు అర్థం కావాలని తెలుగులో రాశా, మీరు మాత్రం షీట్లో ఇంగ్లీషు పేర్లే పెట్టుకోండి, లేకపోతే ఆర్ (R) అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ ఏదో ఒక పేచీ పెట్టుద్ది.

ముత్తుకూరు నుంచి: "రొయ్యల మేత మీద ప్రాజెక్ట్ చేస్తన్నా సార్. 6 మంది రైతులు, ఒక్కొక్కరికి 4 గుంటలు, రెండు రకాల మేత, 14 వారాలు వారం వారం వల ఇసిరి తూకం తీశాం. మామూలు రిగ్రెషన్‌లో మేతకి మూడు స్టార్లు (ఫలితం చాలా గట్టిది అనే గుర్తు) వచ్చినయి, గైడ్ ఏమో మల్టీలెవల్ పెట్టమన్నారు. ఆర్‌లో ఎల్‌ఎంఈ4 (lme4) ప్యాకేజీలో (1 | గుంట) అని రాశా, రన్ అయింది. కరెక్టేనా?"

రన్ అవడం వేరు, కరెక్ట్ అవడం వేరు తమ్ముడూ. ముందు మీ షీట్లో గుంట కాలమ్ చూడండి, అందులో 1, 2, 3, 4 అనే ఉంటే ఆరుగురు రైతుల ఒకటో నంబరు గుంటలూ కలిపి ఒకటే గుంట అనుకుంటది సాఫ్ట్‌వేర్, ఇందుకూరుపేట గుంటకీ విడవలూరు గుంటకీ ఏం సంబంధం, నంబరు తప్ప? కానీ దానికి ఆ సంగతి ఎవరు చెప్పాలి, మనమే చెప్పాలి. సమ్మరీలో రాండమ్ ఎఫెక్ట్స్ (గుంట గుంటకీ ఉండే తేడాల లెక్క) టేబుల్ కిందనే గ్రూపులు ఎన్నో ఒక లైన్లో ఉంటది, ఎవరూ చదవరు దాన్ని. అక్కడ 24 రావాలి మీకు. 4 వచ్చిందంటే ఇక మిగతా పేజీ చదవబళ్లేదు. రైతు పేరూ గుంట నంబరూ కలిపి కొత్త కోడ్ ఒకటి తయారు చేసుకుంటే సరి, లేదంటే (1 | రైతు/గుంట) అని రాయండి, దాని అర్థం రైతు ఒక లెవలు, రైతులో గుంట ఇంకో లెవలు అని.

రెండో సంగతి, మేత పనిచేసిందా లేదా అనేది మీకు బరువులో కాదు, పెరిగే వేగంలో కనపడాలి. పిల్ల వదిలిన రోజు అన్ని గుంటల్లోనూ ఒకటే సైజు గదా. అంటే చూడాల్సింది రోజుకీ మేతకీ ఇంటరాక్షన్, మేతని బట్టి రోజువారీ పెరుగుదల ఎంత మారతందో అది. ప్రతి గుంటా దాని వేగంతో అది పెరుగుద్ది కాబట్టి రోజుకి రాండమ్ స్లోప్ కూడా ఇవ్వాలి. రైతులు ఆరుగురే కాబట్టి వాళ్లని రాండమ్‌లో పెడితే ఆ వేరియన్స్ (రైతు రైతుకీ మధ్య తేడా ఎంతో చెప్పే అంకె) నిలకడగా రాదు, నేనైతే మామూలు ఫిక్స్‌డ్ ఫ్యాక్టర్‌గా (ఒక్కో రైతుకీ విడిగా లెక్క) పెడతా:

బరువు ~ రోజు * మేత + రైతు + (రోజు | గుంటకోడ్)

ఇట్టా రాసినప్పుడు "మేత" అని ఒంటరిగా కనపడే కోఎఫిషియంట్ రోజు సున్నా దగ్గర తేడా. ఆ రోజు మీరు తూకమే తీయలేదు. దాన్ని పట్టుకుని "మేత ప్రభావం లేదు" అని రాసేస్తారు చాలామంది. రోజులోంచి ఒక 60 తీసేసి పెట్టండి, అప్పుడు అది అరవయ్యో రోజు తేడా అయిద్ది, ఏదో ఒక అర్థం ఉంటది, పైగా కన్వర్జ్ కాలేదు (లెక్క ఒక జవాబు దగ్గర కుదురుకోలేదు) అనే వార్నింగులు కూడా చాలావరకు తగ్గుతయి.

ఇంక మూడు స్టార్ల కథ. 24 గుంటలు ఇంటూ 14 వారాలు 336 వరసలు, మామూలు రిగ్రెషన్ వాటిని 336 వేర్వేరు సాక్ష్యాలు అనుకుంది. మేత మార్చింది గుంటకి గదా, వారానికి కాదు. కాబట్టి మీ దగ్గరున్న సాక్ష్యం 24 గుంటలే, అంతకు మించి లేదు. ఎల్‌మర్‌టెస్ట్ ప్యాకేజీ వేస్తే డీఎఫ్ (డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, సుమారుగా ఎన్ని విడి సాక్ష్యాలున్నయో చెప్పేది) అనే కాలమ్ వచ్చుద్ది, ఇంటరాక్షన్ పక్కన అది ఇరవై చుట్టుపక్కల ఉండాలి, మూడొందలు కనపడిందంటే ఫార్ములాలో స్లోప్ మర్చిపోయారనే.

ఇంకోటి, రైతులు సైజు చెప్పేది కౌంట్‌లో, అంటే కిలోకి ఎన్ని రొయ్యలో. కౌంట్‌ని అట్టనే మోడల్లో పెట్టబాకండి. 100 కౌంట్ అంటే రొయ్య 10 గ్రాములు, 50 అంటే 20, 40 అంటే 25. కౌంట్ 100 నుంచి 50కి దిగితే పెరిగింది 10 గ్రాములు, 50 నుంచి 40కి దిగితే 5 గ్రాములు, ఇది సరళరేఖ కాదు. వెయ్యిని కౌంట్‌తో భాగించి గ్రాములు చేసుకున్నాకే మొదలుపెట్టండి. ఆ గ్రాములు కూడా పంట మొత్తం ఒకే వేగంతో పెరగవు, ముందు గ్రాఫ్ గీసి చూడండి, వంపు ఉంటే రోజు స్క్వేర్ కూడా వేయండి.

కావలి నుంచి ఒక టీచరుగారు: "9 స్కూళ్ల పిల్లల మార్కులు. బౌండరీ, సింగ్యులర్ ఫిట్ అని వచ్చింది. స్కూలు వేరియన్స్ సున్నా. అంటే స్కూళ్ల మధ్య తేడా లేదని రాసేయొచ్చా?"

రాయబాకండి మేడమ్. అది ఎర్రర్ కాదు, అట్టని కొట్టిపారేసేదీ కాదు. మీరు అడిగినంత వివరం ఈ డేటాలో లేదు అని చెప్పే పద్ధతి అది. తొమ్మిది స్కూళ్లతో వేరియన్స్ కట్టడమంటే తొమ్మిది అంకెలతో కట్టినట్టే, పైన స్లోప్ కూడా అడిగితే, ఆ రెంటి మధ్య కోరిలేషన్ కూడా అడిగితే యాడనుంచి తెచ్చుద్ది? కోరిలేషన్ సరిగ్గా 1 అనో మైనస్ 1 అనో కనపడితే కూడా రోగం అదే. ముందు కోరిలేషన్ తీసేయండి, ఫార్ములాలో నిలువు గీత (|) ఒకటి బదులు రెండు (||) పెడితే పోతది, కానీ ఆ కిటుకు అంకెల వేరియబుల్‌కే సరిగ్గా పనిచేసుద్ది, ఆడ-మగ లాంటి ఫ్యాక్టర్ ఉంటే నమ్మొద్దు. అప్పటికీ సింగ్యులరే అంటే స్లోప్ తీసేయండి. ఇంటర్సెప్ట్ (ఒక్కో స్కూలు మొదలయ్యే మట్టం) వేరియన్స్ కూడా సున్నాకే అతుక్కుంటే, ఆ సంగతి అట్టనే థీసిస్‌లో రాసి, కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ ఇవ్వండి. ఇంటర్వల్ పైకొస ఎంత దూరం పోతందో చూస్తే "తేడా లేదు" అనే మాట రాయబుద్ధి కాదు మీకే.

స్కూలు వేరియన్స్ 4, మిగిలిన వేరియన్స్ 12 అని వచ్చిందనుకోండి, 4 ని 16 తో భాగిస్తే 0.25, అంటే మార్కుల్లో ఉన్న తేడాల్లో పావు వంతు స్కూలు స్కూలుకీ మధ్య ఉన్నది. దాన్నే ఐసీసీ (ఇంట్రాక్లాస్ కోరిలేషన్) అంటారు, అంతే దాని గొప్ప. మీ హెడ్మాస్టరుగారు ర్యాంకుల లిస్టు అడిగితే మాత్రం రాండమ్ ఎఫెక్ట్స్ (ఒక్కో స్కూలుకీ మోడల్ ఇచ్చే అంకెలు) తీసి ఇవ్వబాకండి, పిల్లలు తక్కువున్న స్కూలుని మోడల్ కావాలనే సగటు వైపు లాగుద్ది, ఆ అంకె స్కూలు కష్టానికి కొలత కాదు.

ఒంగోలు నుంచి రీసెర్చ్ స్కాలర్: "కనిగిరి వైపు ఊళ్లలో బోరు నీళ్ల ఫ్లోరైడ్. బోరు లోతుతో మోడల్ కట్టా. స్టాటా సాఫ్ట్‌వేర్‌లో ఒక జవాబు, ఆర్‌లో ఒక జవాబు. ఏది నమ్మాలి?"

రెండూ నిజమే చెప్తన్నయి, మీరు రెండు వేరే ప్రశ్నలు అడిగారు, మీకు తెలీకుండా. స్టాటా మిక్స్‌డ్ కమాండ్ మామూలుగా ఎంఎల్ (మాక్సిమమ్ లైక్లీహుడ్) పద్ధతి వాడుద్ది, ఆర్‌లో ఎల్‌మర్ (ఎల్‌ఎంఈ4 లోని కమాండ్) మామూలుగా రెమ్ల్ (దాన్నే కొంచెం సవరించిన REML పద్ధతి) వాడుద్ది. ఇంటర్సెప్ట్‌కీ స్లోప్‌కీ కోరిలేషన్ లేదు అనుకునే మొదలవుద్ది స్టాటా, ఆర్ ఉందనుకుని లెక్క కట్టుద్ది. స్టాటాలో కోవేరియన్స్ అన్‌స్ట్రక్చర్డ్ అనీ, రెమ్ల్ అనీ రాసి మళ్లీ నడపండి, అంకెలు కలుస్తయి. ఎస్‌పీఎస్‌ఎస్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి కూడా ఇదే మాట, అక్కడ రెమ్లే గానీ కోవేరియన్స్ టైపు మీరు ముట్టుకోకపోతే కోరిలేషన్ ఉండదు. రెమ్ల్‌తో కట్టిన రెండు మోడల్స్‌లో ఫిక్స్‌డ్ భాగం (ఫార్ములాలో బ్రాకెట్ బయట ఉన్నది) వేరే అయితే వాటి లైక్లీహుడ్ (డేటాకి మోడల్ ఎంత సరిపోయిందో చెప్పే అంకె) పోల్చకూడదు, ఆర్‌లో అనోవా కమాండ్ తనే ఎంఎల్‌కి మార్చి పోల్చుద్ది, మిగతా చోట్ల మీరే మార్చాలి.

అసలు గొడవ నాకు వేరే చోట కనపడతంది. లోతుకి వచ్చిన ఒక్క కోఎఫిషియంట్లో రెండు సంగతులు కలిసిపోయి ఉన్నయి. ఒకే ఊళ్లో పక్క బోరు కంటే 100 అడుగులు లోతున్న బోరులో ఫ్లోరైడ్ ఎంత ఎక్కువ అనేది ఒకటి. సగటున లోతు బోర్లే ఉన్న ఊళ్లలో ఎంత ఎక్కువ అనేది ఇంకోటి. నీళ్లు దిగిపోయిన ఊళ్లో అందరూ లోతుకే పోతారు, ఆ ఊరి కింద రాయి కూడా వేరే రకం అయ్యుండొచ్చు, ఆ పాపం లోతు నెత్తిన పడతది. ఊరి సగటు లోతు ఒక కాలమ్, ఆ సగటు నుంచి ఈ బోరు తేడా ఇంకో కాలమ్, రెండూ మోడల్లో పెట్టండి. రెండు అంకెలూ దూరంగా వస్తే మీ చాప్టరు అక్కడే ఉంది. "బోరు ఇంకా లోతుకి వేస్తే ఏమైద్ది" అని ఊరోళ్లు అడిగితే తేడా కాలమ్ అంకె చూసి మాట్లాడాలి గానీ ఊళ్ల సగటు అంకె చూసి కాదు. అన్నట్టు లీటరుకి 1.5 మిల్లీగ్రాముల పరిమితి పైనా కిందా అని రెండు ముక్కలు చేసి లాజిస్టిక్ (అవునా కాదా అనే జవాబులకి కట్టే మోడల్) పెడదామనుకుంటే మాత్రం వద్దు, 1.6 నీ 6 నీ ఒకటే చేసేస్తది అది, లాగ్ తీసుకుని అంకెనే వాడండి.

గూడూరు నుంచి: "ఎల్‌ఎంఈ4 సమ్మరీలో పీ-వాల్యూ (స్టార్లు వేసేది ఈ అంకె చూసే) రావట్లేదు. ప్యాకేజీ పాడైందా?"

పాడవలేదు, కావాలనే పెట్టలేదు. ఎల్‌ఎంఈ4 రాసినవాళ్లలో ముఖ్యుడు డగ్లస్ బేట్స్ 2006 లోనే చెప్పాడు, ఇలాంటి మోడల్స్‌లో డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ ఎంత అనేదానికి నికరమైన జవాబు లేదు, ఉన్నట్టు నటించి ప్రింట్ చేయనని. గైడు ఒప్పుకోరంటే ఎల్‌మర్‌టెస్ట్ లోడ్ చేసి మోడల్ మళ్లీ కట్టండి, సాటర్త్‌వైట్ పద్ధతిలో (డీఎఫ్‌ని అంచనా కట్టే ఒక దారి) పీ-వాల్యూ వచ్చుద్ది, ఏ పద్ధతో థీసిస్‌లో రాయండి.

చీమకుర్తి నుంచి: "4 జీబీ ల్యాప్‌టాప్, ఎస్‌పీఎస్‌ఎస్ కొనే స్తోమత లేదు. క్రాక్ వేయొచ్చా?"

వైరస్‌ని ఇంటికి పిలవబాకండి. ఆర్ ఫ్రీ, కొన్ని వేల వరసలకి 4 జీబీ చాలు, క్రోమ్‌లో ట్యాబ్‌లు మూసేసుకోండి అంతే. కోడ్ అంటే భయమైతే జమోవి అనే సాఫ్ట్‌వేర్ వేసుకుని అందులో గామ్‌ఎల్‌జే అనే మాడ్యూల్ పెట్టుకోండి, అదీ ఫ్రీనే, క్లిక్కులతో మిక్స్‌డ్ మోడల్ అయిపోద్ది. ఏది వాడినా షీట్ మాత్రం పొడుగ్గా ఉండాలి, ఒక్కో కొలతకి ఒక వరస, వారం 1, వారం 2 అని పక్కపక్కన కాలమ్స్ పెట్టిన షీట్ ఇస్తే పైన చెప్పిన కమాండ్లేవీ ఈ మోడల్ కట్టలేవు.