ఎనిమిది వలయాలూ ఎనిమిది ధ్యానాలూ: ఒక యువ రచయిత్రికి లేఖ

అమ్మా,

నీ వ్యాసం చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను కాబట్టి అంచులన్నీ నా గీతలతో నిండిపోయాయి. వాటిని చూసి బెంగపడకు. అమెరికాలో హిప్పీల కాలంలో చైతన్యం గురించి పుట్టిన ఊహల్ని, ముఖ్యంగా భ్రాంతి పుట్టించే ఎల్.ఎస్.డి. మందును ప్రచారం చేసిన మనస్తత్వవేత్త తిమోతీ లియరీ చెప్పిన ఎనిమిది వలయాల నమూనాని (మనిషి మెదడు ఎనిమిది అంచెల్లో పనిచేస్తుందన్న ఊహని), బౌద్ధ ధ్యానం పక్కన పెట్టి చూడాలన్న ఆలోచన మంచిది. తెలుగులో ఈ విషయాన్ని ఇంత శ్రద్ధగా పట్టించుకున్నవాళ్లు అరుదు. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగవుతుంది.

ముందు నాకు అడ్డుతగిలిన చోటికే వస్తాను. నాలుగో పేజీలో ఒక పట్టిక వేశావు. ఎడమవైపు లియరీ వలయాలు ఎనిమిది, కుడివైపు బౌద్ధులు చెప్పే నాలుగు రూప ధ్యానాలూ, రూపాన్ని దాటిన ధ్యాన స్థితులైన నాలుగు అరూప సమాపత్తులూ కలిపి ఎనిమిది, మధ్యలో బాణం గుర్తులు. ఆ పట్టిక తీసెయ్యి. నీ వ్యాసంలో అందరి కళ్లూ ముందు పడేది దాని మీదే. అన్నిటికంటే బలహీనమైనదీ అదే.

రెండు జాబితాల్లోనూ ఎనిమిది ఉండటం తప్ప వాటిని కలిపే దారం నాకు దొరకలేదు. లియరీ 1960లలో ఏడు అంతస్తుల గురించి మాట్లాడాడు, 1970లలో జైలు నుంచి రాస్తూ వాటిని పెంచి విస్తరించాడు. అటువైపు చూస్తే, సుత్తాల్లో, అంటే బుద్ధుడి ఉపదేశాల్లో, నాలుగుగా ఉన్న రూప ధ్యానాలు వాటిని విశ్లేషించే అభిధమ్మం లెక్కలో అయిదవుతాయి. అప్పుడు మొత్తం తొమ్మిది. నీ బాణాల్లో ఒకటి ఎటు పోవాలి? మహాయాన బౌద్ధంలో ఒక శాఖవాళ్లైన యోగాచారులకూ ఎనిమిది విజ్ఞానాలు, అంటే ఎరుకలు, ఉన్నాయి. కానీ కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మం, మనస్సు, ‘నేను’ అని పట్టుకునే క్లిష్ట మనస్సు, ముద్రలన్నీ నిలవుండే ఆలయ విజ్ఞానం అనేవి ఒకదాని మీద ఒకటి ఎక్కాల్సిన మెట్లు కావు. ఎవరికైనా, ఎప్పుడైనా పనిచేస్తూ ఉండేవే. అంకె కుదిరిందని అర్థం కుదిరినట్టు కాదు.

అంకెలు పక్కన పెట్టి, లోపల ఏముందో చూద్దాం. లియరీ లెక్కలో మొదటి వలయం పసితనంలో ప్రాణరక్షణ కోసం తయారవుతుంది. రెండోది నడక నేర్చే వయసులో పెత్తనం, లొంగుబాటుల కోసం. మూడోది మాటకూ చేతి నేర్పుకూ. నాలుగోది యౌవనంలో లైంగిక, సాంఘిక పాత్రకు. గుడ్డులోంచి వచ్చిన బాతుపిల్ల మొదట కనబడినదాన్నే తల్లి అనుకుంటుందని జంతువుల ప్రవర్తనను పరిశీలించిన లోరెంజ్ చెప్పిన ముద్ర సిద్ధాంతం దీనికి ఆధారం. పైన ఉన్న నాలుగు వలయాలు దేహానందం, తన మెదడు పనితీరును తానే గమనించి మార్చుకోవడం, వంశపరంపర జ్ఞాపకం, అణువును దాటిన చైతన్యం. మనిషి అంతరిక్షానికి వలసపోయే రోజు కోసం అవి మెదడులో నిద్రపోతున్నాయని లియరీ నమ్మాడు. ఒక్కొక్క వలయం తెరుచుకున్నకొద్దీ మనిషికి కొత్త శక్తి ఒకటి చేరుతుంది.

ధ్యానాల వరుస దీనికి పూర్తిగా ఎదురు దిశలో నడుస్తుంది. మొదటి ధ్యానంలో వితర్క విచారాలు (మనసును విషయం మీద పెట్టడం, అక్కడే నిలపడం), ప్రీతి, సుఖం, ఏకాగ్రత ఉంటాయి. రెండోదానికి వచ్చేసరికి వితర్క విచారాలు జారిపోతాయి. మూడోదానిలో ప్రీతి పోతుంది. నాలుగోదానిలో సుఖం కూడా పోయి ఉపేక్ష, అంటే సమభావం, మిగులుతుంది. అరూప స్థితుల్లో రూపమన్న స్పృహే ఉండదు. ఒకచోట కూడుతూ పోవడం, మరోచోట తీసివేస్తూ పోవడం. ఈ తేడాను నీ పట్టిక కప్పేసింది. నీ వ్యాసానికి వెన్నెముక కావలసింది ఈ తేడాయే.

ఇక్కడే అరియపరియేసన సుత్తం చదవమంటాను. గోతముడు ఇల్లు విడిచాక ఆలార కాలాముడి దగ్గర ఆకించన్యాయతనం (‘ఏమీ లేదు’ అన్న స్థితి) దాకా నేర్చుకున్నాడు. ఉద్దక రామపుత్తుడి దగ్గర నైవసంజ్ఞానాసంజ్ఞాయతనం (సంజ్ఞ ఉందనీ లేదనీ అనలేని స్థితి) నేర్చుకున్నాడు. నీ కుడివైపు జాబితాలో ఏడోదీ ఎనిమిదోదీ అవే. ఆ గురువులు శిష్యబృందానికి పెద్దరికం ఇస్తామన్నా ఆయన నిలవలేదు. ఇవి నిర్వాణానికి దారితీసేవి కావని లేచి వెళ్లిపోయాడు. అంటే బౌద్ధం మొదలైంది ఎనిమిదో మెట్టు ఎక్కిన చోట కాదు, ఆ మెట్టు చాలదని గుర్తించిన చోట. లియరీ నమూనాలో ఇలా లేచి వెళ్లిపోవడానికి చోటు లేదు. ఎనిమిదో వలయమే శిఖరం.

అలాగని ఆ కాలపు మనుషుల్ని తేలిక చేసి రాయకు. ఇది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే నీ ఆరో పేజీలో ఒక వెటకారపు వాక్యం ఉంది. వాళ్లలో నిజమైన వెతుకులాట ఉంది, కొన్నిచోట్ల నిజమైన చుట్టరికమూ ఉంది. రాబర్ట్ ఆంటన్ విల్సన్ 1983లో లియరీ నమూనాను విస్తరించి రాసిన పుస్తకంలో, మనసులో ఒక భాగం ఏది అనుకుంటే దాన్ని మరో భాగం నిజమని నిరూపిస్తూ పోతుందని చూపిస్తాడు. తన లోకాన్ని తానే అల్లుకుంటున్న సంగతి మనిషికి తెలియదని, దాన్ని పట్టుకోవడం సాధనతో వస్తుందని ఆయన వాదం. ‘అన్నిటికీ మనసే ముందు’ అనే అర్థంలో ధమ్మపదం మొదటి గాథ ‘మనోపుబ్బంగమా ధమ్మా’ అని మొదలవుతుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి రెండు పేజీలు రాయి. అక్కడ పోలిక నిలబడుతుంది.

ఆ కాలంలోనే మెదడు మీద ప్రయోగాలు చేసిన జాన్ లిల్లీ దగ్గర మాత్రం జాగ్రత్త. మనిషిని జీవకంప్యూటర్ అన్నాడు. ప్రోగ్రాముల పైన మరో ప్రోగ్రాము, దాన్ని రాసేది ఇంకో పై స్థాయి అన్నాడు. మరి అందరికంటే పైన కూర్చుని రాసేది ఎవరు? మనిషిని అయిదు పోగులుగా విడదీసే పంచస్కంధాల విశ్లేషణలో రూపం, వేదన, సంజ్ఞ, సంస్కారాలు, విజ్ఞానం విడివిడిగా చూశాక ఆ కుర్చీలో కూర్చోవడానికి ఎవరూ మిగలరు. ఈ నమూనాల్లో ఎక్కువ వాటికి లోపల ఒక యజమాని కావాలి. ఆయన ఎదగాలి, ఎక్కాలి, గెలవాలి. నిలకడైన ‘నేను’ లేదనే అనాత్మ దగ్గర అవన్నీ ఆగిపోతాయి.

ఇంగ్లీషు రచయిత ఆల్డస్ హక్స్‌లీ విషయంలో తెలుగు పాఠకులు నీకంటే ముందే ఒకటి పట్టుకుంటారు. 1953లో మెస్కలిన్ అనే భ్రాంతి మందు తీసుకున్న అనుభవాన్ని మరుసటి ఏడాది పుస్తకంగా తెచ్చాడు. మెదడు చైతన్యాన్ని పుట్టించదు, అపారమైన చైతన్యాన్ని వడగట్టి మనకు కావలసినంతే లోపలికి వదులుతుందని అందులో అంటాడు. వడపోత తీసేస్తే అపారమైనది కనిపిస్తుందట. ఇది చదివినప్పుడు నీకు శంకరులు గుర్తు రాలేదా? హక్స్‌లీకి దక్షిణ కాలిఫోర్నియా వేదాంత సొసైటీతో, స్వామి ప్రభవానందతో దగ్గరి సంబంధం ఉంది. ఆ గాలి ఆయన రాతలో ఉంది. సంయుత్త నికాయం అనే సుత్తాల సంపుటిలోని సబ్బ సుత్తం ‘సర్వం’ అంటే ఏమిటో చెబుతుంది: కన్నూ రూపాలూ, చెవీ శబ్దాలూ, అలా మనస్సూ ధర్మాల దాకా. ఇంతకు మించి ఇంకో సర్వం ఉందనేవాడు అడిగితే జవాబు చెప్పలేడంటుంది. వెనుక దాగిన మహాచైతన్యం కోసం వెతికే పనే అక్కడ లేదు. ఆ తరం బౌద్ధమని పిలిచినదాంట్లో చాలా భాగం వేదాంతమే. ఈ మాట అనే ధైర్యం నీ వ్యాసానికి ఉండాలి. రెండు దర్శనాల గాలీ పీలుస్తూ పెరిగిన భాషలో రాస్తున్నావు, నీకు కనిపించేది అక్కడి రచయితలకు అంత సులువుగా కనిపించకపోవచ్చు. అయితే ‘ఇవన్నీ మనవాళ్లు ఎప్పుడో చెప్పారు’ అన్న ధోరణిలోకి మాత్రం జారకు. ఆ మాట దగ్గర ఆలోచన ఆగిపోతుంది.

1964లో లియరీ, రాల్ఫ్ మెట్జ్‌నర్, రిచర్డ్ ఆల్పర్ట్ కలిసి టిబెటన్ మృతుల గ్రంథాన్ని ఎల్.ఎస్.డి. అనుభవానికి మార్గదర్శినిగా తిరగరాశారు. దీని గురించి నువ్వు ఒక్క పేరాతో సరిపెట్టావు, అది చాలదు. టిబెటన్ల ఇళ్లలో అది చనిపోయిన మనిషిని ఉద్దేశించి నలభై తొమ్మిది రోజుల దాకా చదివే పాఠం. ఏడుస్తున్న బంధువులు, దీపాలు, చదివే లామా, ఇవన్నీ ఉన్న చోటు నుంచి దాన్ని తెచ్చి, ఒక గదిలో పడుకున్న ఆరోగ్యవంతుడి ‘అహం మరణానికి’ అన్వయించారు. వాళ్ల ఆధారం 1927లో ఎవాన్స్-వెంట్జ్ పేరుతో వచ్చిన ఇంగ్లీషు ప్రచురణ. అసలు అనువాదం చేసింది గాంగ్‌టక్‌లో ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసిన కాజీ దావా సందుప్. పుస్తకం వచ్చేనాటికి ఆయన బతికి లేడు. ఎవాన్స్-వెంట్జ్ దివ్యజ్ఞాన సమాజం వాడు, ఆయన వ్యాఖ్యలో ఆ భావాలే ఎక్కువ. కాబట్టి లియరీ చేతికి వచ్చేసరికే ఆ గ్రంథం ఒకసారి రంగు మారింది. నీ వ్యాసంలో దావా సందుప్ పేరే లేదు. చేర్చు.

ఇప్పుడు కూర్చోవడం గురించి. నీ వ్యాసంలో ధ్యానం మీద ఇరవై వాక్యాలున్నా శరీరం ఒక్కదాంట్లోనూ లేదు. హైదరాబాద్ శివార్లలో, నాగార్జునసాగర్ దారిలో ధమ్మఖేత్త అనే విపశ్యన (ఉన్నదాన్ని ఉన్నట్టు గమనించే ధ్యానం) కేంద్రం ఉంది. విపశ్యన నేర్పిన గోయెంకా గారి పద్ధతిలో పదిరోజుల శిబిరాలు అక్కడ జరుగుతాయి. పుస్తకం, ఫోను, పెన్ను, కాగితం మొదటిరోజే అప్పగించాలి. రాసేవాళ్లకు అన్నిటికంటే కష్టం పెన్ను ఇచ్చేయడం. మొదటి మూడు రోజులూ ముక్కు దగ్గర ఊపిరిని గమనించడమే. తర్వాత శరీరమంతా చూడటం, రోజులో మూడుసార్లు గంటసేపు కదలకుండా కూర్చోవడం.

ఆ గంటలో ఏం జరుగుతుందో చెబుతాను. ఎడమ మోకాలి లోపల నొప్పి మొదలవుతుంది. ముందు అది ఒక ముద్ద. విడవకుండా చూస్తే అందులో వేడి వేరుగా, లాగుడు వేరుగా, మధ్యమధ్య సూదిపోట్లు వేరుగా తెలుస్తాయి. పోటుకూ పోటుకూ నడుమ ఏమీ లేని చిన్న ఖాళీ కూడా ఉంటుంది. దాని పక్కనే ఇంకోటి కనబడుతుంది: చివర్లో వినిపించే ‘భవతు సబ్బ మంగలం’ ఎప్పుడు మొదలవుతుందా అన్న ఆత్రం. మోకాలిది వేదన, అంటే బౌద్ధ అర్థంలో అనుభూతి; ఆ ఆత్రం తృష్ణ. ‘వేదనా పచ్చయా తణ్హా’ (వేదన వల్ల తృష్ణ) అని, దుఃఖం పుట్టే వరుసను చెప్పే పన్నెండు నిదానాల్లో కంఠతా పట్టిన మాట అక్కడ రెండు విడివిడి సంగతులుగా అనుభవానికి వస్తుంది. మరో గంటలో నొప్పంతా కరిగి ఒళ్లంతా సన్నని ప్రవాహంలా హాయిగా ఉండవచ్చు. అప్పుడు ఆ హాయిని పట్టుకోవాలనిపిస్తుంది. ఇదీ ఆ ఆత్రమే, ముఖం మార్చుకుని వచ్చింది.

లియరీ నమూనాలో ఆ సన్నని హాయి అయిదో వలయం తెరుచుకున్న గుర్తు, ఒక బహుమతి. విపశ్యనలో అది మోకాలి నొప్పితో సమానం, రెండిటికీ ఒకే చూపు. ఈ రెండు చూపుల మధ్య దూరంలోనే నీ విషయమంతా ఉందని నా నమ్మకం. ఏ స్థితి అందింది అన్నది నమూనా అడిగే ప్రశ్న. అందినదాంతో నువ్వేం చేశావు అన్నది సాధన అడిగేది. హ్యూస్టన్ స్మిత్ అనే మతాధ్యయనకారుడు 1964లోనే దీనికి దగ్గరగా వచ్చాడు. మందులు మతానుభవాన్ని ఇవ్వగలవేమో గానీ మతజీవనాన్ని ఇస్తాయని తేలలేదన్నాడు. ఆయన స్వయంగా వాటిని తీసుకుని చూసినవాడు కాబట్టి ఆ మాటకు బరువుంది.

ఇంకో సంగతి. మందులు ఒకసారి చూస్తే తప్పులేదన్న ధ్వని నీ చివరి పేజీలో వినిపిస్తోంది. మన దేశంలో 1985 చట్టం ప్రకారం ఎల్.ఎస్.డి. దగ్గర ఉంచుకోవడమే నేరం. అంతకన్నా నీ విషయానికే చెందిన కారణం బౌద్ధుల అయిదు నియమాల్లో చివరిదైన అయిదో శీలం. మత్తు ప్రమాదానికి, అంటే ఎరుక జారిపోవడానికి చోటిస్తుంది కాబట్టి వద్దన్నారు. శీలాన్ని పక్కన పెట్టి సమాధిని మాత్రం తీసుకోవడం ఆ తరం చేసిన ప్రయోగం. అది ఎక్కడ తెగిందో నువ్వు చూపించాలి.

మన నేలతో సంబంధం చూపించాలని అమరావతి స్తూపం వర్ణన తెచ్చావు. అది ఈ వ్యాసంలో అతకలేదు. నాగార్జునుడు అతుకుతాడు. శూన్యతను (దేనికీ సొంత సారం లేదన్నదాన్ని) తప్పుగా పట్టుకుంటే మందబుద్ధిని నాశనం చేస్తుంది, సరిగా పట్టని పాములాగా అని ఆయన మూలమధ్యమకకారికలో ఉంది. అహం కరిగిపోవడాన్ని ఒక సాయంత్రపు అనుభవంగా పట్టుకున్నవాళ్ల గురించి ఇంతకంటే సూటిగా ఎవరు చెప్పగలరు? ఆయన శాతవాహన రాజుకు రాశాడని సంప్రదాయం చెప్పే సుహృల్లేఖ కూడా చదువు. సంస్కృత మూలం పోయినా టిబెటన్, చైనా అనువాదాల్లో మిగిలింది. శూన్యవాదానికి పేరుమోసిన మనిషి స్నేహితుడికి ఉత్తరం రాస్తూ దానం, శీలం, క్షమ గురించి ఎంత ఓపికగా చెప్పాడో చూడు.

రెండో ప్రతిని బోధ్‌గయతో మొదలుపెట్టు. హార్వర్డ్ నుంచి 1963లో తొలగింపుకు గురైన ఆల్పర్ట్ 1967లో మన దేశం వచ్చి, నీమ్ కరోలీ బాబా శిష్యుడై రామ్ దాస్ అయ్యాడు. 1971 జనవరిలో బోధ్‌గయ బర్మా విహారంలో గోయెంకా గారి శిబిరంలో ఆయన కూర్చున్నప్పుడు, అక్కడే జోసెఫ్ గోల్డ్‌స్టీన్, పద్దెనిమిదేళ్ల షారన్ సాల్జ్‌బర్గ్ కూడా ఉన్నారు. వాళ్లిద్దరూ జాక్ కార్న్‌ఫీల్డ్‌తో కలిసి 1975లో మసాచుసెట్స్‌లో విపశ్యన సంఘం స్థాపించారు. అది ఇప్పటికీ నడుస్తోంది. ఒకే కాలం, ఒకే ఆకలి. కొందరు కొత్త వలయాల వైపు వెళ్లారు, కొందరు ఆ హాల్లో మోకాళ్ల నొప్పితో కూర్చుండిపోయారు. ఎందుకలా జరిగిందో అడుగుతూ రాయి. రామ్ దాస్‌ను చివరిదాకా వెంబడించు. 1997లో పక్షవాతం వచ్చి మాట తడబడ్డాక కూడా ఆయన ఇరవై ఏళ్లకు పైగా బతికి, బోధిస్తూనే ఉన్నాడు. ఆ ఏళ్ల గురించి నీ ప్రతిలో ఒక్క వాక్యం కూడా లేదు.

పాళీ, సంస్కృత పదాల్ని కలగలిపేశావు. ఒక పేరాలో ఝాన, మరో పేరాలో ధ్యానం అని ఉంది. ఏదో ఒకటి ఎంచుకో. సుత్తం నుంచి ఎత్తిచూపే చోట మాత్రం పాళీ ఉంచు. మార్పులు చేసి పంపితే మళ్లీ చదువుతాను. ముందు పట్టిక తీసెయ్యి.

ఆశీస్సులతో,
నీ మేలుకోరే పెద్దమనిషి