అటక మీది వాల్వు

అమ్మలూ,

"మెకానికల్ వాళ్లు ఇస్రో ఛైర్మన్ అవుతారా మావయ్యా?" అని ఫోన్లో అడిగావు. స్నేహితులంతా కంప్యూటర్ సైన్సులో చేరారని నీ బెంగ. ఇస్రో ఛైర్మన్‌గా చేసిన సోమనాథ్ గారు కొల్లంలో చదివింది మెకానికలే. 1985లో తిరువనంతపురంలో విక్రం సారాభాయ్ కేంద్రంలో చేరారు, ఛైర్మన్ అయింది 2022లో. మధ్యలో 37 ఏళ్ల చాకిరీ ఉంది తల్లీ. నువ్వు తయారవ్వాల్సింది దానికి.

అంతకు చాలా ముందు ఇస్రో ఛైర్మన్‌గా చేసిన సతీశ్ ధావన్ గారిదీ మెకానికలే. పైగా ఇంగ్లీషు సాహిత్యంలో ఎం.ఏ. కూడా. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి లేచిన ఎస్‌ఎల్‌వి-3 రాకెట్టు అయిదు నిమిషాలు దాటాక బంగాళాఖాతంలో పడిపోయింది. కారణం రెండో దశ కంట్రోల్ సిస్టమ్‌లో ఒక వాల్వు. విలేకరుల ముందు ధావన్ గారే కూర్చుని బాధ్యత నెత్తిన వేసుకున్నారు. మరుసటి ఏడు జూలై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరినప్పుడు మాత్రం ప్రాజెక్టు డైరెక్టరు కలాం గారినే మాట్లాడమన్నారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

ఎందుకంటే ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక నైట్ షిఫ్టులో నేనూ ఓ వాల్వు పరీక్షించకుండానే రిపోర్టు మీద సంతకం పెట్టాను. తెల్లారేసరికి లీకైంది. పెద్దాఫీసరు ముందు మా సీనియర్ "తప్పు నాది" అన్నారు. బయటికొచ్చాక నన్ను తిట్టలేదు, వాల్వు నా చేతే విప్పించారు. వాల్వు మూసుకునేటప్పుడు ఆనుకునే సీటు మీద ఇనుపరజను, గోటితో గీకితే వచ్చేసేంత. దానికే అంత గొడవ.

అందుకని ల్యాబ్ రికార్డులో పక్కవాళ్ల రీడింగులు ఎక్కించకు. తప్పొచ్చిన రీడింగు కొట్టేయకుండా ఉంచి, ఎందుకొచ్చిందో పక్కన రాసుకో. ఇప్పుడు అలవాటు కాకపోతే ఉద్యోగంలో అస్సలు రాదు. మార్కుల్నీ వదలకు, ఇస్రోలో ఇంజనీరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలన్నా 65 శాతం అడుగుతారు. విశాఖలో మీ సిరిపురం నుంచి బీచికి ఎంతో దూరం లేదు కదా, ఓ సాయంత్రం అక్కడ మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్‌లోకి వెళ్లి ఒక్క పైపు పట్టుకుని అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చూసి రా.

ఆదివారం ఇంటికి వచ్చెయ్. అటక మీద పాత గ్లోబ్ వాల్వు ఒకటి ఉంది, ఇద్దరం విప్పుదాం. పాత చుడీదార్ వేసుకురా, గ్రీజు మరక పోదు.

మీ మావయ్య