కవరింగ్ లెటర్‌లో ఉన్నదే రాయి, బిడ్డా

బిడ్డా,

అమెరికాలో తిరిగొచ్చి నువ్వు రాసిన యాత్రా వ్యాసం పద్నాలుగు పేజీలూ, వాటి మీద గుండుసూదితో గుచ్చిన ఉత్తరమూ మీ తమ్ముడు హన్మకొండకు తెచ్చి ఇచ్చాడు. కాగితాల మధ్యన ఒక ఎండుటాకు కూడా ఉంది. అంతా రెండుసార్లు చదివాను. భాష బాగుంది, తప్పులు తక్కువ. కానీ చదివిన దగ్గర్నుంచీ నాకు మనసు మనసులో లేదు. అందుకే ఆలస్యం చేయకుండా ఇవాళే రాస్తున్నాను.

మొదటి పేజీలో నాలుగో వాక్యం చూడు. "కొన్ని అనివార్య కారణాల వల్ల మా ప్రయాణ ప్రణాళిక మారి న్యూ హాంప్‌షైర్ వైపు బయల్దేరాం." ఆ ఒక్క వాక్యంతో కారెక్కేశారు. అక్కణ్నుంచి పదమూడు పేజీలూ చెట్లే. ఎరుపు, పసుపు, నారింజ, మళ్లీ ఎరుపు.

ఇప్పుడు నువ్వు నాకు విడిగా రాసిన ఉత్తరం తీస్తాను. "దసరాకు ఊరికి రావాల్సింది సార్. టికెట్లు కూడా కొన్నాం. వీసా స్టాంపింగ్‌కు అపాయింట్‌మెంట్ స్లాట్ దొరకలేదు. వస్తే మళ్లీ టైముకు పోలేమేమోనని ఆగిపోయాం. బాపుకు జమ్మి పెట్టక మూడేళ్లయింది. లీవు వృథా ఎందుకని ఈ ట్రిప్ వేశాం."

ఇది చదివి కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాను. కాసేపు ఏమీ చదవలేకపోయాను. ఆ తర్వాత నీ వ్యాసం మళ్లీ మొదటి నుంచి వెతికాను. పద్నాలుగు పేజీల్లో "బాపు" అనే మాట ఒక్కసారి కూడా లేదు. స్టాంపింగ్ లేదు, క్యాన్సిల్ చేసిన టికెట్లు లేవు. నాకు రాసిన ఉత్తరంలో నీ చెయ్యి ఎక్కడా తడబడలేదు. పాఠకుడికి రాయడానికి కూర్చోగానే వాటన్నిటి మీదా "అనివార్య కారణాలు" అనే గుడ్డ కప్పేశావు. ఎందుకమ్మా? అది నోటీసు బోర్డు మాట. సభ వాయిదా పడితే, బస్సు రద్దయితే, జీతాలు ఆలస్యమైతే కారణం చెప్పడం ఇష్టంలేని వాళ్లు వాడతారు. రాసేవాళ్ల పనే కారణం చెప్పడం. అక్కడే నోరు కట్టేసుకుంటే మనకింక ఏం మిగులుతుంది?

ఈ మాట మీద నాకు పాత కోపం ఉంది, చెప్తాను. 1986లో మాకు పెళ్లై రెండేళ్లు. మా ఆవిడ ఊటీ చూడాలని ఇంటిఖర్చుల్లో మిగిల్చి ట్రంకుపెట్టె అడుగున పరిచిన పేపరు కింద పద్నాలుగు వందలు దాచింది. అప్పుడే నా మొదటి కథల పుస్తకం అచ్చుకు సిద్ధమైంది. కాగితం కొనడానికి ముందు డబ్బు కట్టమన్నాడు ప్రెస్సు ఆయన. ఆమెకు చెప్పకుండా ఆ డబ్బు తీసి కట్టేశాను. మార్చిలో సెలవు మంజూరయ్యాక గానీ నోరు విప్పలేదు. ఆమె అరవలేదు. ఊటీకని ఇస్త్రీ చేయించిన చీరలు ఒక్కొక్కటే మళ్లీ పెట్టెలో పెట్టేసింది. ఏం చేయాలో తోచక మర్నాడు పాకాల చెరువుకు తీసుకెళ్లాను. వరంగల్ నుంచి నర్సంపేట దాకా బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు. అడవిలో టేకు చెట్లన్నీ ఆకు రాల్చి కట్టెల్లా నిలబడి ఉన్నాయి. మధ్య మధ్య మోదుగలు విరగబూశాయి. చెరువు కట్ట మీద కూర్చుని టిఫిన్ డబ్బా విప్పింది. పులిహోర నా వైపు జరిపి, "మీ పుస్తకం ఎన్ని పేజీలొస్తుంది?" అని అడిగింది.

అదంతా ఉన్నదున్నట్టు రాసి ఒక వారపత్రికకు పంపాను. ఎడిటర్ బస్సు ముక్క తీసేశాడు. చీరలు తీసేశాడు. పుస్తకం మాట తీసేశాడు. గణపతిదేవుడి కాలంలో కట్టిన చెరువని రాసిన రెండు పేరాలు ఉంచి, పైన తన చేత్తో ఒక వాక్యం చేర్చాడు: "అనివార్య కారణాల వల్ల ఊటీ ప్రయాణం విరమించుకున్నాం." వెళ్లి అడిగితే, "యాత్రా వ్యాసంలో ఇంటి గొడవలెందుకండీ, జనం హాయిగా చదువుకోవాలి" అన్నాడు. పత్రిక ఇంటికొచ్చాక మా ఆవిడ చదివింది. మడిచి బల్ల మీద పెట్టింది. "అనివార్యమా?" అంది. ముప్పై ఎనిమిదేళ్లు గడిచినా ఆ గొంతు నా చెవిలో అలాగే ఉంది. ఆ తర్వాత నా రాతల్లోకి ఆ మాటను రానివ్వలేదు. దాని కోసం పేచీలు పెట్టుకున్నాను. రెండు పత్రికలు నా కథలు వేసుకోవడం మానేశాయి కూడా.

ఇక నీ ఆరో పేజీకి వస్తాను. "లింకన్‌లో పెట్రోలు నింపుకుని ఉదయం తొమ్మిదింటికి కాంకమాగస్ హైవే ఎక్కాం. కాన్వే దాకా 34 మైళ్లు ఒక్క పెట్రోల్ బంకు లేదు. ఫోన్ సిగ్నల్ కూడా పోయింది. ఎంతో ప్రశాంతంగా అనిపించింది."

ప్రశాంతంగా అనిపించిందా? నిజంగా? అది 2024 అక్టోబర్ 12, శనివారం, దసరా. మీకు పొద్దున తొమ్మిదంటే మాకు సాయంత్రం ఆరున్నర. మీ ఊళ్లో జనమంతా జమ్మి చెట్టు దగ్గరికి పోయి ఇళ్లకు తిరిగొచ్చే వేళ. పిల్లలు గుప్పెళ్లలో జమ్మి ఆకు బంగారం పట్టుకుని ఇంటింటికీ పోయి పెద్దవాళ్ల చేతుల్లో పెట్టి కాళ్లు మొక్కే వేళ. మీ బాపు కొత్త బట్టలు కట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంటాడు. పక్కన ఫోన్ పెట్టుకుని ఉంటాడు. నువ్వేమో ఆ నిమిషానికి సిగ్నల్ లేని దారిలో ఉన్నావు, రెండు పక్కలా కొండలు, వేల ఎకరాల బంగారు ఆకు. ఇంతకంటే పెద్ద సంగతి ఆ పద్నాలుగు పేజీల్లో ఇంకేముంది? దాన్ని వదిలేసి "ప్రశాంతం" అని రాసి ముందుకు పోయావు. ఫోన్ తీసి ఎన్నిసార్లు చూసుకున్నావో రాయలేదు. మీ ఆయన కారు పక్కకు తీసి ఆపాడా, ఇంకో మలుపు తిరిగితే సిగ్నల్ వస్తుందన్నాడా, అదీ రాయలేదు. ఆ 34 మైళ్లు ఆయన ఏం మాట్లాడాడు? వ్యాసమంతా వెతికితే ఆయన మాట ఒకే ఒక్కటి కనిపించింది, కాఫీ కావాలా అని.

ఫ్రాంకోనియా నాచ్ అనే కొండ కనుమ గురించి ఒక వాక్యం రాశావు, మనిషి ముఖంలా ఉండే రాయి ఒకప్పుడు అక్కడ ఉండేదట అని. ఆ "ఓల్డ్ మ్యాన్" 2003 మే 3న కూలిపోయింది. అయినా ఆ రాష్ట్రం రోడ్డు బోర్డుల మీద ఇప్పటికీ ఆ ముఖమే ఉంది. ఆ కొండ కింద చెరువు ఒడ్డున ఉక్కు కడ్డీలు పాతి పెట్టారు. సరైన చోట నిలబడి కడ్డీ చివరి నుంచి కొండ వైపు చూస్తే, లేని ముఖం ఉన్న చోట ఉన్నట్టే కనపడుతుంది. మీరు అక్కడ ఆగారని నువ్వే రాశావు. ఎంతసేపు నిలబడ్డారు? ఊరికి పోలేక దారి మార్చుకుని వచ్చిన ఇద్దరు మనుషులు, లేని పెద్దాయన ముఖాన్ని కడ్డీ మీదుగా చూస్తున్నారు. అక్కడ పేజీ ఆగాలి బిడ్డా. నువ్వు ఆ పేజీలో యాపిల్ సైడర్ డోనట్ల రుచి మూడు పేరాలు రాశావు.

రంగుల మీద ఒక మాట. "శిశిర సౌందర్యం" అని పేరు పెట్టావు. దసరా వచ్చేది ఆశ్వయుజంలో, అది శరత్తు. మన అడవులు ఆకు రాల్చేది మాఘ ఫాల్గుణాల్లో, అది శిశిరం. అక్కడ ఆకురాలడం మన శరత్తులో పడుతుంది, ఆ తేడా రాసినా ఒక పేరా పండేది. పైగా నువ్వూ మీ ఆయనా ఇంట్లో ఏమనుకుంటారు? "ఫాల్ కలర్స్ చూడ్డానికి పోదాం" అనుకుంటారు. అలాగే రాయి, ఎవరూ కాదనరు.

"చలికి ఆకులు ఎర్రబారతాయి" అన్నావు. నాకు అనుమానం వచ్చి, మా కాలేజీలో బోటనీ చెప్పి రిటైరైన మిత్రుణ్ని అడిగాను. పసుపు రంగు మొదటి నుంచీ ఆకులోనే ఉంటుందట, పత్రహరితం కమ్మేయడం వల్ల కనపడదట. పగళ్లు కురచనై పత్రహరితం విరిగిపోతుంటే అది బయటపడుతుంది. ఎరుపు అలా కాదు. అది ముందు ఉండదు. ఆకు కాడ మొదట్లో అడ్డుపొర కట్టుకుంటూ ఉంటే, లోపల చిక్కుకుపోయిన చక్కెరతో చెట్టు ఆ చివరి రోజుల్లో కొత్తగా తయారు చేసుకుంటుంది. పగలు మంచి ఎండ కాసి, రాత్రి గడ్డకట్టనంత చలి ఉంటే ఎరుపు బాగా దిగుతుంది. మన దగ్గర ఎరుపు ఎక్కువగా చిగురుది, మామిడిని చూడు, రావిని చూడు. రాలే ముందు ఎర్రబడే చెట్టు మనకూ ఒకటుంది, బాదం. నువ్వు చదువుకున్న బడి ఆవరణలో ఉండే ఉంటుంది, దాని ఎర్రటాకులు ఏరి పుస్తకంలో పెట్టుకునే ఉంటావు. అక్కడి మేపుల్ చూసినప్పుడు అది గుర్తు రాలేదా?

గుర్తొచ్చిందొకటి ఉందిలే. తొమ్మిదో పేజీలో, "బర్చ్ చెట్ల పసుపు చూస్తే తంగేడు గుర్తొచ్చి గొంతు పట్టేసింది" అన్నావు. ఆ వాక్యం కింద గీత గీశాను. అప్పటికి రెండు రోజుల కిందటే కదా ఇక్కడ సద్దుల బతుకమ్మ అయింది. ఆ తంగేడు నీది. "ప్రకృతి కాంత పసుపు కుంకుమలు అద్దుకుంది", "నేల తల్లి ఎర్ర తివాచీ పరిచింది", ఇవేవీ నీవి కావు, ఎక్కడెక్కడో చదివినవి. కొట్టేశాను.

ఫోటోలు నలభై ఉన్నాయి, పంపమంటారా అని అడిగావు. ఈ రోజుల్లో పత్రికలకు రాత కంటే ఫోటోలే ముందు కావాలి. యాత్రా వ్యాసం ఉందని ఫోన్ చేస్తే "ఫోటోలున్నాయా?" అంటారు, ఏం రాశారని అడగరు. ఆ ఫోటోల పిచ్చి ఎక్కడిదాకా పోయిందంటే, వెర్మాంట్‌లో పాంఫ్రెట్ అనే చిన్న ఊరు 2023లో ఆకుల కాలంలో ఒక పొలానికి పోయే దారిని బయటివాళ్లకు మూసేసింది. ఆ పొలం ఫోటో తీసుకోవడానికి వచ్చే కార్లతో ఊరివాళ్లకు తిరగడానికి దారి లేకుండా పోయిందట. నాకు ఫోటోలు వద్దు. బాపుతో చివరికి ఎప్పుడు మాట్లాడావో అది కావాలి. కాన్వేలో సిగ్నల్ వచ్చాక చేశావా? అప్పటికి ఆయన పడుకున్నాడా? "దసరా ఎట్ల చేసుకున్నవ్ బిడ్డా" అని అడిగితే ఏం చెప్పావు?

ఏ పత్రికకు పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా, పుస్తకంగా వేయొచ్చా అని కూడా అడిగావు. వాటికి ఇప్పుడు తొందరేం లేదు.

పన్నెండో పేజీలో చివరి పేరా మాత్రం నన్ను వదలడం లేదు. "సాయంత్రం హోటల్ పార్కింగ్‌లో ఒక ఎర్రటి ఆకు ఏరి ఆయన చేతిలో పెట్టాను. ఆయన జేబులో పెట్టుకున్నాడు." అని రాసి ఊరుకున్నావు. కారణం రాయలేదు. అది జమ్మే కదా? ఆయనకూ తెలిసే జేబులో పెట్టుకున్నాడు కదా? తెలియనట్టు రాశావు గానీ, తెలియకుండా ఎవరూ అలా చేయరు. వ్యాసం అక్కడ మొదలుపెట్టి మళ్లీ రాయి. స్లాట్ దొరకని రాత్రి నుంచి రాయి, ల్యాప్‌టాప్ ముందు ఇద్దరూ ఎన్నింటిదాకా కూర్చున్నారో రాయి, టికెట్లు ఎవరు క్యాన్సిల్ చేశారో రాయి. పద్నాలుగు పేజీలు అక్కర్లేదు, ఐదైనా చాలు. రాశాక ముందు నాకే పంపు.

నువ్వు పంపిన ఆకు ఈ ఉత్తరం రాస్తుంటే బల్ల మీదే ఉంది. ఐదు కొనలు. పైన ఎరుపు నల్లబడుతోంది, అడుగున ఇంకా లేత గులాబీ రంగు. నడి ఈనె పక్కన చిటికెన వేలు గోరంత పచ్చదనం మిగిలి ఉంది. దారిలో ఒక కొన విరిగింది. ఎందుకు పంపావో రాయలేదు నువ్వు. మా ఆవిడ వచ్చి చూసి, ఎవరిదని అడిగింది. చెప్పాను. ఏమీ అనలేదు. దాన్ని రెండు చేతులతో తీసుకుని, దేవుని అర్రలో ఈసారి దసరాకు తెచ్చిన జమ్మి పక్కన పెట్టింది.

మీ మాష్టారు
హన్మకొండ