కార్డు ఉంది, క్లియరెన్స్ వస్తుందా?

అమెరికాలో ఫెడరల్ ఉద్యోగాలకూ, డిఫెన్స్ కాంట్రాక్టు ఉద్యోగాలకూ అప్లై చేస్తున్న పాఠకుల నుంచి వచ్చిన ప్రశ్నలివి. వైద్య గంజాయి, సెక్యూరిటీ క్లియరెన్స్ (రహస్య సమాచారం చూడటానికి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే అనుమతి) ఎదురుపడ్డప్పుడు వచ్చే చిక్కుల గురించే అన్నీ.

ప్రశ్న: వెన్నునొప్పికి డాక్టరు సలహా మీద రాష్ట్రం ఇచ్చిన మెడికల్ మారిజువానా కార్డు తీసుకున్నాను. రాత్రి పడుకునే ముందు ఒక గమ్మీ, అంతే. ఇప్పుడు సీక్రెట్ క్లియరెన్స్ కావాల్సిన ఉద్యోగానికి ఆఫర్ వచ్చింది. డాక్టరు రాసిన మందే కదా, కార్డు చూపిస్తే చాలదా?
— ఒక పాఠకుడు, మేరీల్యాండ్

జవాబు: చాలదు. అసలు అది డాక్టరు రాసిన మందే కాదు. మీకు ఫలానా జబ్బు ఉందని డాక్టరు ధ్రువపత్రం ఇచ్చారు, దాన్ని చూసి రాష్ట్రం కార్డు ఇచ్చింది. ఫార్మసీలో చెల్లే ప్రిస్క్రిప్షన్ ఇందులో ఎక్కడా లేదు. 1970లో కంట్రోల్డ్ సబ్‌స్టెన్సెస్ యాక్ట్ వచ్చినప్పుడే ఫెడరల్ చట్టం గంజాయిని షెడ్యూల్ 1లో, అంటే నియంత్రిత పదార్థాల్లో అతి కఠినమైన జాబితాలో పెట్టింది. క్లియరెన్స్ ఇచ్చేది ఫెడరల్ ప్రభుత్వం కాబట్టి రాష్ట్రం ఒప్పుకుందన్న మాట అక్కడ చెల్లదు. 2014 అక్టోబరులో అప్పటి నేషనల్ ఇంటెలిజెన్స్ డైరెక్టర్ జేమ్స్ క్లాపర్ అన్ని సంస్థలకూ ఈ సంగతి రాతపూర్వకంగా స్పష్టం చేశారు.

మీ దారికి అసలు అడ్డం 2008 నాటి బాండ్ సవరణ. నియంత్రిత పదార్థాన్ని చట్టవిరుద్ధంగా వాడుతున్న వ్యక్తికి క్లియరెన్స్ ఇవ్వకూడదు, ఉన్నదాన్ని పొడిగించకూడదు అని అది సంస్థల చేతులు కట్టేసింది. ‘వాడుతున్న’ అన్న మాట మీద దృష్టి పెట్టండి. గతంలో వాడి మానేసినవారికి దారి ఉంది. వాడుతూనే ఉన్నవారికి, ‘నొప్పి కాబట్టి ఇకపైనా వాడతాను’ అనేవారికి లేదు. క్లియరెన్స్ ఎవరికివ్వాలో తేల్చే, 2017లో అమల్లోకి వచ్చిన సీడ్-4 నిబంధనల్లో గైడ్‌లైన్ హెచ్ మాదకద్రవ్యాలకు సంబంధించింది. కొనసాగించే ఉద్దేశం వ్యక్తం చేయడాన్నే అది ఒక ప్రత్యేక దోషంగా రాసుకుంది. ఇంటర్వ్యూలో నిజాయతీగానే ‘కార్డు ఉంది కదా, అవసరమైతే వాడతాను’ అన్నవారు ఇక్కడే దెబ్బతింటారు.

గంజాయిని అంత కఠినం కాని షెడ్యూల్ 3కి మారుస్తారట కదా అని మీరు అడగబోతున్నారు. కోడీన్ కలిసిన టైలెనాల్ మాత్ర కూడా షెడ్యూల్ 3లోనే ఉంది. సరైన ప్రిస్క్రిప్షన్ లేకుండా దాన్ని మింగినా చట్టవిరుద్ధమే. బాండ్ సవరణ కూడా షెడ్యూల్ 1 అని గీత గీయలేదు, నియంత్రిత పదార్థం అంటుంది. కనుక షెడ్యూల్ మార్పు వార్త చదివి నిర్ణయాలు తీసుకోకండి. మీ కంపెనీ ఫెసిలిటీ సెక్యూరిటీ ఆఫీసర్‌ను అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

ఇక చేయాల్సినవి. క్లియరెన్స్ కోసం నింపే ఎస్ఎఫ్-86 ఫారం మీద సంతకం పెట్టకముందే మానేయండి. 2021 డిసెంబరులో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఆ సంతకంతోనే మీ పరిశీలన మొదలవుతుంది. ఆ తర్వాత వాడటాన్ని చాలా బరువుగా చూస్తారు. రోజూ వాడేవారు ఒక్కసారిగా మానితే వారం రెండు వారాలు నిద్ర పట్టకపోవడం, చిరాకు సాధారణం. అందుకని నొప్పికి బదులు మందేమిటో ముందే డాక్టరుతో మాట్లాడుకోండి. మిగిలిన సరుకు పారేయండి, కార్డు రద్దు చేయించండి. మానేశానంటూ చెల్లే కార్డును జేబులో పెట్టుకుంటే ఎవరు నమ్ముతారు? మొదట వాడిన నెల, చివరిగా వాడిన నెల, వారానికి ఎన్నిసార్లు, ఏ రూపంలో అన్నవి ఒక కాగితం మీద రాసుకోండి. ఫారంలోనూ ఇంటర్వ్యూలోనూ అవే అంకెలు చెప్పాలి. ఇకపై ఏ మాదకద్రవ్యమూ వాడనని, వాడితే క్లియరెన్స్ రద్దుకు అదే చాలని ఒప్పుకుంటూ సంతకం చేసిన ప్రకటనను గైడ్‌లైన్ హెచ్ పేరుపెట్టి గుర్తిస్తుంది. అదొకటి సిద్ధం చేసుకోండి.

ఎన్ని నెలలు మానితే చాలు? రక్షణ శాఖ క్లియరెన్స్‌లకు కచ్చితమైన గడువంటూ లేదు. ఎంత కాలం, ఎంత తరచుగా వాడారో చూసి తూకం వేస్తారు. ఎఫ్‌బీఐ మాత్రం గీత గీసింది: దరఖాస్తుకు ముందు ఏడాదిలోపు ఏ రూపంలోనైనా, ఏ దేశంలోనైనా గంజాయి వాడి ఉంటే తీసుకోదు.

ప్రశ్న: కీమోథెరపీ వల్ల వచ్చే వాంతులకు నా డాక్టరు డ్రొనాబినాల్ రాశారు. అందులోనూ గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీయే ఉందట. డ్రగ్ టెస్టులో దొరికిపోతానా?
— ఒక పాఠకురాలు, వర్జీనియా

జవాబు: టెస్టు పాజిటివ్ వస్తుంది, కానీ మీరు దోషి కారు. డ్రొనాబినాల్ ఫెడరల్ ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించిన మందు. మారినాల్ పేరుతో వచ్చే క్యాప్సూల్ షెడ్యూల్ 3లో, సిండ్రోస్ అనే ద్రవం షెడ్యూల్ 2లో ఉన్నాయి. రెండూ ఫార్మసీలో ప్రిస్క్రిప్షన్ మీద కొనేవే. ఫెడరల్ మూత్ర పరీక్షలో తొలి వడపోత మిల్లీలీటరుకు 50 నానోగ్రాముల దగ్గర, నిర్ధారణ 15 దగ్గర. పాజిటివ్ వచ్చాక మెడికల్ రివ్యూ ఆఫీసర్, అంటే ఫలితాన్ని సమీక్షించే డాక్టరు, మీకు ఫోన్ చేస్తారు. అప్పుడు ప్రిస్క్రిప్షన్ నంబరు, ఫార్మసీ ఫోన్ నంబరు చేతిలో ఉండాలి. ఆ ఫోన్ ఎత్తకపోతే మీ మాట వినకుండానే ఫలితం పాజిటివ్‌గా నమోదయ్యే ప్రమాదం ఉంది.

ఒక జాగ్రత్త. డ్రొనాబినాల్‌కు ప్రిస్క్రిప్షన్ ఉంది కదా అని పక్కన కాస్త గంజాయి కూడా వాడితే దాగుతుందనుకునేవారున్నారు. మొక్కలో టీహెచ్‌సీవీ అనే మరో పదార్థం ఉంటుంది, కృత్రిమంగా చేసిన డ్రొనాబినాల్‌లో ఉండదు. అనుమానం వస్తే ఆ పరీక్ష అడుగుతారు, బండారం బయటపడుతుంది. నాబిలోన్ అనే మరో మందుకు ఈ గొడవే లేదు, ఈ పరీక్ష వెతికే అవశేషం దానివల్ల రాదు. మీకు సరిపడుతుందేమో డాక్టరును అడగండి.

ప్రశ్న: 2021లో ఇండియా వెళ్లినప్పుడు వారణాసిలో లైసెన్సు ఉన్న దుకాణంలో భాంగ్ తాగాను. అక్కడ చట్టబద్ధమే. ఎస్ఎఫ్-86లో రాయాలా?
— ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: రాయాలి. ఇండియాలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం భాంగ్‌ను గంజాయి నిర్వచనంలో చేర్చని మాట నిజమే. కానీ ఎస్ఎఫ్-86 ఫారంలో మాదకద్రవ్యాల మీద ఉన్న సెక్షన్ 23 అడిగేది అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం. ఆ లెక్కలో ఆకు కూడా గంజాయే. సంతకం చేసే రోజు నుంచి ఏడేళ్లు వెనక్కి లెక్కపెట్టండి, అందులో పడితే రాయాల్సిందే. తేదీ సరిగ్గా గుర్తులేకపోతే నెల, సంవత్సరం వేసి ‘అంచనా’ గడిలో టిక్కు పెట్టండి. వివరణలో రెండు వాక్యాలు చాలు: ఒక్కసారి తాగాను, మళ్లీ తాగలేదు, తాగే ఉద్దేశం లేదు. ఇలాంటి ఒంటరి ఘటన వల్ల క్లియరెన్స్‌కు పెద్ద హాని ఉండదు. రాయకుండా వదిలేసి, స్నేహితుడి నోటి నుంచి దర్యాప్తు అధికారికి తెలిస్తే మాత్రం అది వ్యక్తిగత ప్రవర్తన, అంటే గైడ్‌లైన్ ‘ఈ’ కిందికి పోతుంది. దాన్నుంచి బయటపడటం చాలా కష్టం. తెలిసి అబద్ధం రాస్తే అయిదేళ్ల వరకు జైలుశిక్షకు వీలున్న నేరం కూడా. నిజం రాస్తే? మీ జవాబును తర్వాత క్రిమినల్ కేసులో మీకు వ్యతిరేకంగా సాక్ష్యంగా వాడబోమని ఆ సెక్షన్‌లోనే రాసి ఉంటుంది.

ప్రశ్న: నేను ఒక్కసారీ ముట్టలేదు. కానీ క్యాన్సర్‌తో ఉన్న అమ్మ కోసం కేర్‌గివర్ కార్డుతో (రోగి తరఫున కొనడానికి రాష్ట్రం ఇచ్చేది) డిస్పెన్సరీ, అంటే లైసెన్సు ఉన్న గంజాయి దుకాణం, నుంచి తెచ్చి ఇస్తుంటాను. నాకేం ఇబ్బంది?
— ఒక పాఠకురాలు, పెన్సిల్వేనియా

జవాబు: ఇబ్బంది ఉంది, చాలామంది ఊహించని చోట ఉంది. ఎస్ఎఫ్-86లోని సెక్షన్ 23 వాడకం గురించి అడిగి ఊరుకోదు. కొనడం, తీసుకోవడం, చేతులు మార్చడం, పెంచడం గురించి వేరే ప్రశ్న ఉంది. మీరు చేస్తున్నది కొనడమే. ఏడేళ్లలోపుదైతే రాయండి. కారణం, కార్డు వివరాలు, అమ్మ వైద్య పత్రాలు జతచేస్తే చూసేవారికి విషయం అర్థమవుతుంది. కానీ ఫారం మీద సంతకం పెట్టేలోపు ఆ పని క్లియరెన్స్ అక్కర్లేని మరో కుటుంబ సభ్యుడికి అప్పగించండి. మీ క్రెడిట్ కార్డుతో డబ్బు కట్టడం, మీ కారులో తేవడం కూడా ఆపాలి. అమ్మ తన మందు తాను తీసుకుంటూ మీ ఇంట్లో ఉండటం దానంతటదే మిమ్మల్ని అనర్హురాలిని చేయదు. అది ఆమె గదిలో, తాళం వేసిన పెట్టెలో ఉండనివ్వండి. పెరట్లో మొక్క మాత్రం వద్దు.

ప్రశ్న: కీళ్లనొప్పులకు సీబీడీ ఆయిల్ (గంజాయి జాతి మొక్క నుంచి తీసే, మత్తు లేని నూనె) పర్వాలేదా? అది హెంప్ అంటున్నారు.
— ఒక పాఠకుడు, ఒహాయో

జవాబు: 2018 ఫార్మ్ బిల్లు 0.3 శాతంలోపు డెల్టా-9 టీహెచ్‌సీ ఉన్న గంజాయి మొక్కను హెంప్‌గా వేరుచేసింది. 2025 నవంబరులో వచ్చిన చట్టం ఆ నిర్వచనాన్ని బాగా బిగించింది, దాని అమలుకు ఏడాది గడువు పెట్టింది. క్లియరెన్స్ కోణంలో అసలు సమస్య వేరు. సీసా మీద రాసిన శాతానికి ఎఫ్‌డీఏ పూచీ లేదు. పరీక్షలో పాజిటివ్ వస్తే ‘సీబీడీ అనుకుని వాడాను’ అన్న మాటను రివ్యూ ఆఫీసర్ వైద్య కారణంగా ఒప్పుకోరు. సైనిక దళాల్లో పనిచేసేవారికైతే హెంప్ ఉత్పత్తులే నిషిద్ధం. మూర్ఛకు ప్రిస్క్రిప్షన్ మీద ఇచ్చే ఎపిడియోలెక్స్ వేరు, అది ఆమోదిత మందు, నియంత్రిత పదార్థాల జాబితాలో కూడా లేదు. మిగతావి వదిలేయండి.

ప్రశ్న: గ్రీన్‌కార్డు మీద ఉన్నాను. కాలిఫోర్నియాలో మైగ్రేన్‌కు గంజాయి వాడాను. పౌరసత్వం వచ్చాక క్లియరెన్స్ ఉద్యోగాలకు ప్రయత్నించాలని ఉంది. ఇప్పుడే అన్నీ చెప్పేయడం మంచిదా?
— ఒక పాఠకుడు, కాలిఫోర్నియా

జవాబు: ఆగండి. మీ పరిస్థితి పైవాళ్లందరి కన్నా ప్రమాదకరమైనది. పౌరుడు వాడానని ఒప్పుకుంటే పోయేది ఉద్యోగం. పౌరుడు కానివారు ఇమిగ్రేషన్ అధికారి ముందు ఒప్పుకుంటే, కోర్టులో శిక్ష పడకపోయినా, దేశంలోకి రానివ్వకుండా ఆపడానికి అదే కారణం కావచ్చు. రాష్ట్ర చట్టం ఒప్పుకున్న వాడకం కూడా పౌరసత్వానికి కావాల్సిన సత్ప్రవర్తనకు అడ్డం కావచ్చని పౌరసత్వ దరఖాస్తులు చూసే ఫెడరల్ సంస్థ యూఎస్‌సీఐఎస్ 2019 ఏప్రిల్‌లో తన విధానంలో రాసింది. వాళ్లు చూసేది సాధారణంగా దరఖాస్తుకు ముందు అయిదేళ్లు, పౌరుల భార్యాభర్తలకు మూడేళ్లు.

అందుకని ముందు వాడకం ఆపండి. డిస్పెన్సరీలో పనిచేసే ఉద్యోగం కూడా ఒప్పుకోకండి, అదీ వాళ్ల లెక్కలోకి వస్తుంది. పౌరసత్వ దరఖాస్తు నింపకముందే, విదేశీ ప్రయాణం పెట్టుకోకముందే ఇమిగ్రేషన్ లాయరును కలవండి. అబద్ధం చెప్పడం పరిష్కారం కాదు, అది మోసం కిందికి పోతుంది. ఎప్పుడు దరఖాస్తు చేయాలి, ఏ ప్రశ్నకు ఎలా జవాబివ్వాలి అన్నది లాయరు తేల్చాలి. పౌరసత్వం దరఖాస్తులో చెప్పిందీ, రేపు ఎస్ఎఫ్-86లో రాసేదీ పక్కపక్కన పెట్టి చూస్తారని గుర్తుంచుకోండి.

ప్రశ్న: కాంట్రాక్టర్‌ని. రెండేళ్ల క్రితం ఫారంలో గంజాయి సంగతి దాచాను. ఇప్పుడు స్టేట్‌మెంట్ ఆఫ్ రీజన్స్ (క్లియరెన్స్ ఎందుకు ఇవ్వకూడదో ఆరోపణలు రాసి పంపే నోటీసు) వచ్చింది.
— పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: అది అందకముందే, ఎవరూ నిలదీయకముందే మీరే సరిదిద్దుకుని ఉంటే గైడ్‌లైన్ ‘ఈ’ దాన్ని మీకు అనుకూలంగా లెక్కించేది. ఆ అవకాశం దాటిపోయింది. ఇప్పుడు అందిన రోజు నుంచి 20 రోజుల్లో ప్రతి ఆరోపణకూ విడివిడిగా ‘ఒప్పుకుంటున్నాను’ లేదా ‘కాదంటున్నాను’ అని రాతపూర్వకంగా జవాబివ్వాలి. గడువు చాలకపోతే అది ముగియకముందే పొడిగింపు అడగండి. అదే జవాబులో జడ్జి ముందు విచారణ కావాలని రాయండి. అడగకపోతే కాగితాల మీదే తేల్చేస్తారు, మీ నోటి నుంచి వినకుండా మీ నిజాయతీని తూచడం వాళ్లకూ కష్టమే. స్వచ్ఛందంగా చేయించుకున్న నెగెటివ్ పరీక్షలు, పై అధికారి లేఖ, వాడనన్న ప్రకటన అన్నీ విచారణ నాటికే దాఖలు చేయండి. ఓడిపోతే 15 రోజుల్లో అప్పీలు నోటీసు ఇవ్వవచ్చు గానీ, అప్పీల్ బోర్డు కొత్త సాక్ష్యం తీసుకోదు.