విదేశాంగ విధానాల పోలిక: మూడు పేరాలున్నా పోలిక రావట్లేదంటే

మీ వ్యాసంలో పోలిక రాకపోవడం సమాచారం తక్కువై కాదు. అమెరికా, బ్రిటన్, భారత్‌లకు తలా ఒక పేరా రాశారు కాబట్టి అవి విడివిడిగానే ఉండిపోయాయి. దేశాల వారీగా కాదు, నిర్ణయం వారీగా రాయండి.

1. ఒకే రకం నిర్ణయం తీసుకోండి. అంతర్జాతీయ ఒప్పందం ఖరారు చేయడం అన్నిటికన్నా తేలిక. యుద్ధం, ఆంక్షలు పక్కన పెట్టండి.

2. మూడు చోట్లా ఒకే ప్రశ్న వేయండి: దీన్ని ఎవరు ఆపగలరు?
అమెరికా: పార్లమెంటులోని ఎగువ సభ సెనేట్. హాజరైనవారిలో మూడింట రెండొంతుల మద్దతు కావాలి.
బ్రిటన్: 2010 నాటి రాజ్యాంగ సంస్కరణ, పాలన చట్టం ప్రకారం ఒప్పందాన్ని 21 సమావేశ దినాలు పార్లమెంటు ముందుంచాలి. దిగువ సభ కామన్స్ అభ్యంతరం చెబితే ఆగుతుంది.
భారత్: కేబినెట్ ఆమోదం చాలు. అమలుకు చట్టం అవసరమైతేనే 253వ అధికరణం కింద పార్లమెంటు.

3. అందరూ వదిలేసేది ఇదే: చట్టం చెప్పిన ఆ దారిని నిజంగా వాడారా, తప్పించుకున్నారా? 2015 ఇరాన్ అణు ఒప్పందాన్ని ఒబామా ఆమోదం కోసం సెనేట్‌కు పంపనే లేదు. 2018లో ట్రంప్ కూడా కాంగ్రెస్‌ను (అమెరికా పార్లమెంటును) అడక్కుండానే బయటికొచ్చేశారు. రాజ్యాంగం మాత్రమే చదివితే సెనేట్ చాలా బలమైనదనుకుంటాం!

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ఉదాహరణా ఉంది. 2013లో బ్రిటన్‌లో సిరియాపై సైనిక చర్యకు చట్టప్రకారం ఓటింగ్ అక్కర్లేదు. అయినా అప్పటి ప్రధాని కామెరాన్ కామన్స్‌కు వెళ్లి 285-272తో ఓడి, వెనక్కి తగ్గారు. ఇది యుద్ధం విషయం, కింద చెప్పే పట్టికలో కలపకండి. వేరే పేరాలో వాడుకోండి.

4. ‘కాగితంపై’, ‘ఆచరణలో’ అని రెండు నిలువు వరుసలతో పట్టిక పెట్టండి. వాటి మధ్య తేడా ఏ దేశంలో ఎక్కువో రాస్తే మీ పోలిక వచ్చేసినట్టే.